‘ది వాల్’ నాకు ఎక్కట్లేదు. తప్పు నాదా, ఆల్బమ్‌దా?

కొత్తచెవులు

మా ఆఫీసులో ఒక సీనియర్ ఉన్నాడు. ఏ మాట మొదలుపెట్టినా పింక్ ఫ్లాయిడ్ అనే ఇంగ్లండ్ రాక్ బ్యాండ్ దగ్గరికే లాక్కెళ్తాడు. పోయిన నెల క్యాంటీన్‌లో అందరి ముందూ ‘నువ్వు ది వాల్ వినలేదా? మరి ఇన్నేళ్ళూ ఏం విన్నావయ్యా?’ అన్నాడు. రోషం పొడుచుకొచ్చింది. ఆ రోజు నుంచీ పొద్దున మియాపూర్ నుంచి రాయదుర్గం దాకా, సాయంత్రం మళ్ళీ వెనక్కి, మెట్రోలో అదే పని.

నెల దాటింది. ఎక్కట్లేదు. పాట మొదలైంది అనుకునేలోపు అయిపోతుంది. ఇంకొకటి ఎక్కడో మధ్యలోంచి ఊడిపడుతుంది. విమానం కూలుతుంది, పసిబిడ్డ ఏడుస్తాడు, హెలికాప్టర్ వస్తుంది, ఎవడో పెళ్ళానికి ఫోన్ చేస్తే ఇంకెవడో ఎత్తుతాడు. స్కూలు పిల్లల పాట ఒక్కటే బాగుంది, అది ముందే తెలుసు. మొత్తం 26 ట్రాకులు, గంటా ఇరవై నిమిషాలు. వాటిలో సగం పాటలా, పాటల మధ్య సందులా అని నా అనుమానం.

వాళ్ళదే ఇంకో ఆల్బమ్, డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్ మాత్రం రెండో రోజుకే నచ్చేసింది. అంటే నా చెవులు మరీ చెడిపోలేదు. మరి దీంతో ఏమిటీ తంటా? ఇది నిజంగా గొప్పదా, అందరూ గొప్పదంటున్నారు కాబట్టి గొప్పదా?

ముక్కుసూటి

ఆల్బమ్‌దే తప్పు. హాయిగా పడుకో.

బేస్‌గిటార్_బాబ్జీ

వచ్చేశాడండీ. రెండు ముక్కల్లో తీర్పు చెప్పేసి వెళ్ళిపోతాడు.

తమ్ముడూ కొత్తచెవులూ, దీన్ని పాటల కట్టగా వింటే నిజంగానే ఎక్కదు. ఇది ఒక మనిషి కథ. 1977 జులైలో మాంట్రియల్ ఒలింపిక్ స్టేడియంలో టూర్ ఆఖరి కచేరీ. కంచె ఎక్కి మీదికొస్తున్న అభిమాని మీద రోజర్ వాటర్స్, అంటే బ్యాండ్‌లో బేస్ వాయించి పాటలు రాసేవాడు, ఉమ్మేశాడు. తర్వాత వాడికే అసహ్యం వేసింది. నాకూ జనానికీ మధ్య గోడ కడితే ఎలా ఉంటుంది అన్న ఆలోచన అక్కడ పుట్టింది. దానికి తన బతుకు తోడు చేశాడు. వాడికి ఐదు నెలల వయసులో, 1944లో, తండ్రి ఇటలీలోని ఆంజియోలో యుద్ధంలో పోయాడు. గోడలో మొదటి ఇటుక ఆ తండ్రే. తర్వాత అతి గారాబం చేసే తల్లి, పిల్లల్ని ఏడిపించే మాస్టారు, వదిలేసి వెళ్ళే పెళ్ళాం. నువ్వు ‘సందులు’ అంటున్నవే కథను నడిపిస్తాయి.

ఉక్కునగరం_మెటల్

ఉమ్మినందుకు సారీ చెప్తే పోయేది కదా, రెండు ప్లేట్ల ఆల్బమ్ ఎందుకు.

రిక్‌రైట్_భక్తుడు

డార్క్ సైడ్ నచ్చింది, వాల్ నచ్చలేదు అన్నావు చూడు, జవాబు అందులోనే ఉంది. ఆ రెంటికీ మధ్య తేడా పేరు రిచర్డ్ రైట్, బ్యాండ్‌లో కీబోర్డు వాయించేవాడు.

డార్క్ సైడ్‌లో ‘ద గ్రేట్ గిగ్ ఇన్ ద స్కై’ పియానో ఎవరిది? రైట్‌ది. ‘అస్ అండ్ దెమ్’ ఎవరిది? 1970లో ఆంటోనియోని సినిమా కోసం కడితే ఆయన వద్దన్నాడు, మూడేళ్ళు మూలన పడి ఉండి ఇక్కడ తేలింది. ‘బ్రీత్’లో పాట మళ్ళీ మొదటికి తిరిగే చోట ఒక కార్డ్ ఉంటుంది, అది జాజ్ విద్వాంసుడు మైల్స్ డేవిస్ ఆల్బమ్ ‘కైండ్ ఆఫ్ బ్లూ’ నుంచి తెచ్చుకున్నానని రైటే చెప్పాడు. గాలి ఆడే ఇల్లులా ఉంటుంది ఆ ఆల్బమ్. కిటికీలు పెట్టినవాడు రైట్.

ది వాల్‌లో ఆయన పేరు మీద ఒక్క పాట లేదు. రికార్డింగ్ జరుగుతుండగానే బ్యాండ్‌లోంచి పొమ్మన్నారు. కిటికీలు మూసేశాక మిగిలేది గోడే కదా.

బేస్‌గిటార్_బాబ్జీ

భక్తుడు గారూ, మీ కిటికీల ఉపమానం బాగుంది కానీ చరిత్ర కాస్త ఒకవైపే చూపిస్తున్నారు. ఆ రోజుల్లో రైట్ స్టూడియోకి వచ్చి ఏమీ ఇవ్వలేదని వాటర్స్ ఒక్కడే కాదు, మిగతావాళ్ళూ ఒప్పుకున్నారు. ఖాళీ చేతులతో వచ్చినవాడికి పాట మీద పేరెలా వేస్తారు?

రిక్‌రైట్_భక్తుడు

ఇంట్లో పెద్దకొడుకు అరుస్తూ ఉంటే చిన్నకొడుకు మాట్లాడడు. ‘వాడికి మాటలు రావు’ అంటే ఎలా?

ముక్కుసూటి

పైగా తీసేసినాయన్నే టూర్‌కి జీతానికి పెట్టుకున్నారు. ఆ కచేరీలకి 40 అడుగుల గోడ కట్టి కూల్చడానికి అయిన ఖర్చుకి ముగ్గురు ఓనర్లూ నష్టపోయారు. జీతగాడు రైట్ ఒక్కడికే డబ్బు మిగిలింది. నాకు ఆ ఆల్బమ్‌లో నచ్చిన ఒకే ఒక్క విషయం ఇది.

థియేటర్_నర్సు

ఇది చదివి డ్యూటీ రూములో గట్టిగా నవ్వాను. మా సిస్టర్లందరూ చూస్తున్నారు.

వాల్తేరు_గాలి

వీళ్ళిద్దరూ తేల్చేది లేదు గానీ, నువ్వు వాళ్ళదే యానిమల్స్ ఆల్బమ్ విను. 1977. పాటలు ఐదే, వాటిలో రెండు ఒకటిన్నర నిమిషం బుడ్డివి. మిగతా మూడూ కుక్కలు, పందులు, గొర్రెలు. ఎవరు ఎవర్ని తింటున్నారో సూటిగా చెప్పేస్తుంది. అమ్మానాన్నల ఏడుపు ఉండదు.

నేను సాయంత్రాలు బీచ్ రోడ్డులో నడుస్తాను. కోస్టల్ బ్యాటరీ దగ్గర ‘డాగ్స్’ మొదలుపెడితే ఆ 17 నిమిషాలూ అయ్యేసరికి కురుసుర సబ్‌మెరైన్ కనిపిస్తుంది. మధ్యలో గిటార్లన్నీ పక్కకి తప్పుకుని, ఒక్క మాట సాగి సాగి కీబోర్డులో కలిసిపోయి, దూరంగా కుక్కలు మొరిగే ఘట్టం వస్తుంది. మొన్న అక్కడికి వచ్చేసరికి నిజం కుక్కలు నాలుగు వెంటపడ్డాయి. హెడ్‌ఫోన్‌లో కుక్కలేవో బయట కుక్కలేవో తెలియలేదు. తెలిసేసరికి చెప్పు ఒకటి పోయింది.

అనంతపురం_ఆంప్

వాల్తేరు అన్నా 😂 సౌండ్ క్వాలిటీ అంటే అదీ.

వాల్తేరు_గాలి

నవ్వు నవ్వు. ఆ ఆల్బమ్‌కి జంతువులతో మొదటి నుంచీ గొడవే. అట్ట మీద బొమ్మ కోసం లండన్ బాటర్సీ పవర్ స్టేషన్ మీద గాలి పందిని ఎగరేస్తే, 1976 డిసెంబర్ 3న తాడు తెంచుకుని హీత్రో విమానాల దారిలోకి పోయింది. చివరికి కెంట్‌లో ఒక పొలంలో దిగింది. నాది చెప్పే కదా పోయింది.

పాత_క్యాసెట్టు

కొత్తచెవులు బాబుకి నా కథ చెప్పాలి, కొంచెం పొడుగు.

నేను వినేనాటికి ఊళ్ళో ఈ రికార్డు ఎవరి దగ్గరా లేదు. కోఠీలో ఒక షాపులో లిస్టు రాసిచ్చి, ఖాళీ క్యాసెట్టు ఇచ్చి వస్తే వారానికి ఎక్కించి ఇచ్చేవాడు. ది వాల్ 90 నిమిషాల టేపులో చక్కగా పడుతుంది, మొదటి ప్లేటు ఒక వైపు, రెండో ప్లేటు ఇంకో వైపు. తెచ్చుకున్నాను. అట్ట మీద ఎర్ర బాల్‌పెన్‌తో గొలుసుకట్టు రాత, ‘పింక్ ఫ్లైడ్’ అని. రెండేళ్ళు విన్నాను. తల కింద దిండు, దిండు కింద టేప్‌రికార్డర్, లేకపోతే మా నాన్న లేస్తాడు. బ్యాటరీలు వాడకుండా ఉండడానికి పెన్సిల్ పెట్టి వెనక్కి తిప్పుకునేవాణ్ణి.

తర్వాత సికింద్రాబాద్‌లో ఒక స్నేహితుడి ఇంట్లో అసలు రికార్డు చూశాను. వాడు మొదటి ప్లేటు పెట్టాడు. నేను ‘అరే, ఇది రెండోది కదా’ అన్నాను. కాదు. షాపువాడు నాకు ఏ వైపూ బీ వైపూ తారుమారు చేశాడు. రెండేళ్ళు నా కథ ‘హే యు’తో మొదలై, గోడ కూలి, తర్వాత బిడ్డ పుట్టి, మళ్ళీ గోడ కట్టుకుని, ‘గుడ్‌బై క్రూయెల్ వరల్డ్’తో ఆగిపోయేది. నా ఆల్బమ్‌లో హీరో బయటపడలేదు.

చిత్రం ఏమిటంటే అది అంత తప్పూ కాదు. ఆల్బమ్ ఆఖరి క్షణంలో సన్నగా ఒక గొంతు సగం వాక్యం అంటుంది. మిగతా సగం మొదటి పాటకి ముందు ఉంటుంది. గుండ్రంగా కట్టాడు. ఎక్కడ ఎక్కినా తిరిగి అక్కడికే వస్తావు. నా షాపువాడికి ఇది తెలిసే చేశాడని ఇప్పటికీ నమ్ముతాను.

రిక్‌రైట్_భక్తుడు

క్యాసెట్టు గారూ, వాళ్ళ అట్ట కూడా తప్పే. ‘హే యు’ని చివరి నిమిషంలో మూడో వైపు మొదటికి జరిపారు. అప్పటికే సాహిత్యం అచ్చయిపోయింది, లోపలి అట్ట మీద అది పాత చోటే ఉంటుంది. ఆల్బమ్‌లో లేని పాట సాహిత్యం కూడా ఉంటుంది అందులో. మీ షాపువాడు ఒక్కడే కాదు.

పాత_క్యాసెట్టు

అయ్యో, ఇన్నాళ్ళూ తెలియదు. ప్రాణం లేచొచ్చింది.

ఉక్కునగరం_మెటల్

నాకో సందేహం. మెటల్ బ్యాండ్ బ్లాక్ సాబత్ మొదటి ఆల్బమ్ ఒక్క రోజులో రికార్డు చేశారు. ఒక్క రోజు! వాళ్ళ గిటారిస్టు టోనీ అయోమీ రెండు వేళ్ళ చివరలు ఫ్యాక్టరీ మిషన్‌లో పోతే ప్లాస్టిక్ టోపీలు చేసి తొడుక్కుని వాయించాడు. వాల్‌కి ఈ పింక్ ఫ్లాయిడ్ వాళ్ళకి దాదాపు ఏడాది, మూడు దేశాల స్టూడియోలు, పిల్లల కోరస్, ఆర్కెస్ట్రా. ఇంతా చేసి ‘మదర్’లో డ్రమ్స్ వాయించింది సొంత డ్రమ్మర్ కాదు, జెఫ్ పోర్కారో. లెక్క మారుతూ ఉంటే నిక్ మేసన్‌కి కుదరలేదు. డ్రమ్మర్‌కే అర్థం కాని పాట కొత్తచెవులకి ఎలా అర్థమవుతుంది?

లయ_లెక్కలు

మెటల్ తమ్ముడు అన్నదాంట్లో పాయింటు ఉంది, కానీ లెక్క మారడం తప్పేమీ కాదు. నేను చిన్నప్పుడు ఆరేళ్ళు మృదంగం నేర్చుకున్నాను. డార్క్ సైడ్‌లోని ‘మనీ’ మొదటిసారి విన్నప్పుడు కాలేజీలో అందరూ ‘ఏదో తేడాగా ఉంది, కాలు ఆడించలేకపోతున్నాం’ అన్నారు. నా చెయ్యి దానంతటదే తొడ మీద వేసేసింది. ఏడు. మిశ్ర చాపు. తకిట తకధిమి.

ఇంకా సరదా ఏమిటంటే శాక్సోఫోన్ ఏడులోనే ఊదుతాడు, గిల్మోర్ గిటారు వచ్చేసరికి పాట నాలుగులోకి మారిపోతుంది. గిటారు అయ్యాక మళ్ళీ ఏడు. మా గురువుగారికి వినిపిస్తే ఆయన కళ్ళు మూసుకుని విని, ‘ఆ గిటారు అబ్బాయికి ఏడు భయమా?’ అన్నారు.

న్యూజెర్సీ_నిద్రలేమి

చిన్న సవరణ సార్. మిశ్ర చాపు 3+4. ‘మనీ’ బేస్ నా చెవికి 4+3గా పడుతుంది. అంటే విలోమం. శ్యామశాస్త్రి గారి వైపు.

లయ_లెక్కలు

మళ్ళీ విని చెప్తాను.

లయ_లెక్కలు

విన్నాను. తొడ ఎర్రబడింది. ఇంకా తేలలేదు.

థియేటర్_నర్సు

నాకు తాళాలు తెలియవు గానీ ‘కంఫర్టబ్లీ నంబ్’ గురించి ఒక మాట. మా మత్తు డాక్టరు గారి ప్లేలిస్టులో ఆ పాట ఉంది. పేషెంటు పూర్తిగా పడుకున్నాకే పెడతారు, ముందు పెడితే లేచి పారిపోతాడని. నేను చాలాకాలం అది డ్రగ్స్ పాట అనుకున్నాను. తర్వాత చదివాను, ఫిలడెల్ఫియాలో కచేరీకి ముందు వాటర్స్‌కి కడుపునొప్పి వస్తే డాక్టరు ఇంజెక్షన్ పొడిచి స్టేజీ మీదికి తోసేశాడట. చేతులు తనవి కానట్టు ఉండి రెండు గంటలు వాయించాడు. అది తెలిశాక పాట వినడం మారిపోయింది. డాక్టరు గొంతు వాటర్స్‌ది, పేషెంటు గొంతు గిల్మోర్‌ది. రికవరీ రూములో రోజూ వినే సంభాషణే. ‘అమ్మా, వినిపిస్తోందా, చెయ్యి కదపండి’ అంటాం మేము. వాళ్ళు ఎక్కడో దూరం నుంచి ఏదో అంటారు, పెదాలు కదులుతాయి, మాట రాదు.

కొత్తచెవులు గారూ, మీకు ఆ పాట కూడా నచ్చలేదా?

కొత్తచెవులు

అక్కా, అది వచ్చినప్పుడల్లా బాగానే ఉంది. కానీ ఎప్పుడొస్తుందో తెలియదు. ఒక్కోసారి మొదట్లోనే వస్తుంది, ఒక్కోసారి అమీర్‌పేటలో రైలు మారేటప్పుడు వస్తుంది.

న్యూజెర్సీ_నిద్రలేమి

ఆగాగు.

‘ఒక్కోసారి మొదట్లోనే’ అంటే?

ముక్కుసూటి

ఓహో.

అనంతపురం_ఆంప్

బ్రో. షఫుల్‌లో విన్నావా?

కొత్తచెవులు

ఆ యాప్ ఫ్రీ వెర్షన్‌లో వరసగా పెట్టనివ్వదు. మీరందరూ వరసగానే వింటారా?

బేస్‌గిటార్_బాబ్జీ

దేవుడా.

కొత్తచెవులు

మధ్యలో యాడ్లు కూడా వస్తాయి. పెళ్ళి సంబంధాల యాడ్ ఒకటి, ఒకావిడ ‘మీకు తగిన తోడు దొరికిందా’ అని అడుగుతుంది. అది మూడుసార్లు ఆ ఫోన్ సీను తర్వాతే వచ్చింది. కథలో భాగమే అనుకున్నాను.

థియేటర్_నర్సు

ఇంక నావల్ల కాదు 😂😂 పొట్ట నొప్పి.

ఉక్కునగరం_మెటల్

పెళ్ళాం పోయిన వెంటనే సంబంధాల యాడ్. వాటర్స్‌కి తట్టలేదు గానీ ఇది అసలు కథ కన్నా బాగుంది.

పాత_క్యాసెట్టు

ఏ యుగానికి ఆ యుగం షాపువాడు.

బేస్‌గిటార్_బాబ్జీ

నవ్వులాట పక్కన పెడితే కేసు కొట్టేసినట్టే. హరికథని తునకలు చేసి, వెనకా ముందూ కలిపి, మధ్యలో పిట్టకథలు మాత్రం వినిపించి, దాసుగారు బాగా చెప్పలేదంటే ఎలా? ఒక్కసారి వరసగా విని అప్పుడు రా. ఈలోగా ఈ త్రెడ్‌కి తాళం.

ముక్కుసూటి

తాళం వెయ్యకండి, ఇప్పుడే అసలు విషయం బయటపడింది. కొత్తచెవులూ, డార్క్ సైడ్ ఎలా విన్నావు?

కొత్తచెవులు

అదీ ఆ యాప్‌లోనే.

ముక్కుసూటి

షఫుల్‌లోనే?

కొత్తచెవులు

అవును.

ముక్కుసూటి

అదీ సంగతి. డార్క్ సైడ్ కూడా వరసగా అతికించిన ఆల్బమే. ఒక పాటలోంచి ఇంకో పాటలోకి జారుతుంది. దాన్నీ తునకలు చేసే విన్నాడు, రెండో రోజుకే నచ్చింది. ఏ ముక్క చేతికొచ్చినా పాటగా నిలబడింది. వాల్‌లో ముక్క తీస్తే సగం చోట్ల సిమెంటు మాత్రమే చేతికొస్తుంది. హరికథ అన్నారు కదా బాబ్జీ గారూ, మంచి హరికథలో ఒక్క కీర్తన విడిగా తీసి పాడుకున్నా బాగుంటుంది.

1970ల్లో సెక్స్ పిస్టల్స్ అనే పంక్ బ్యాండ్ గాయకుడు జానీ రాటెన్ పింక్ ఫ్లాయిడ్ టీషర్టు మీద ‘ఐ హేట్’ అని పెన్నుతో రాసుకుని తిరిగేవాడు. వాడు ఆ చొక్కా వేసేనాటికి ఇంకా వాల్ రాలేదు. వచ్చాక ఇంకో చొక్కా కొనుక్కోవాల్సింది.

లయ_లెక్కలు

ముక్కుసూటి చెప్పింది నాకు నచ్చకపోయినా కొట్టిపారెయ్యలేను. వాల్‌లో విడిగా నిలబడేవి వేళ్ళ మీద లెక్కపెడితే ‘హే యు’, ‘కంఫర్టబ్లీ నంబ్’, ‘మదర్’, ‘రన్ లైక్ హెల్’, స్కూలు పాట. ఇంకో రెండు కలపొచ్చు. 26లో ఏడు. మళ్ళీ ఏడే వచ్చింది చూశారా.

అనంతపురం_ఆంప్

‘నోబడీ హోమ్’ వదిలేశారు మాస్టారూ. అది ఎనిమిది. మీ మిశ్ర చాపు పోయింది, ఆది తాళం వచ్చింది.

నాకైతే వాల్ అంటే 2002 బెంగళూరు. ప్యాలెస్ గ్రౌండ్స్‌లో వాటర్స్ వచ్చాడు. అనంతపురం నుంచి రాత్రి బస్సులో ముగ్గురం పోయినాం, ఒకడి దగ్గరే డబ్బు. స్కూలు పాట మొదలైతే నా చుట్టూ ఉన్నవాళ్ళందరూ ఇంజనీరింగ్ పిల్లలే, రేపు ల్యాబ్ ఉంది అందరికీ. చదువు వద్దని అంత గట్టిగా అరిచింది అదే మొదలు, అదే ఆఖరు. పొద్దున ఏడింటికి ఊళ్ళో దిగి తొమ్మిదింటికి ల్యాబ్‌లో ఉన్నా. చెవుల్లో గుయ్యిమంటా ఉంది, సార్ వైవాలో ఏం అడిగినారో ఇంతవరకూ తెలీదు.

నిండుగర్భిణి_కాదు_లావంతే

ఆ పాట మీద నాకు కోపం. మా తొమ్మిదేళ్ళది స్కూలు వ్యాన్‌లో పాడి, వ్యాన్ మొత్తానికి నేర్పింది. క్లాసు టీచరు ఫోన్ చేసి ‘ఇంట్లో ఏం వింటారండీ’ అన్నారు. ‘భక్తి పాటలు’ అన్నాను.

న్యూజెర్సీ_నిద్రలేమి

ముక్కుసూటి వాదనకి నా జవాబు ఇది. 2010లో న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో వాటర్స్ వాల్ మొత్తం వాయించాడు, చూశాను. మొదటి సగంలో పాటలు నడుస్తుండగానే మనుషులు వచ్చి తెల్ల ఇటుకలు పేరుస్తుంటారు. అట్టపెట్టెల్లాంటివి, పెద్దవి. ముందు బ్యాండ్ మొత్తం కనిపిస్తుంది. తర్వాత డ్రమ్స్ కనిపించవు. తర్వాత నడుము దాకా. చివరికి ఒకే ఒక్క ఇటుక సందు మిగులుతుంది, అందులోంచి వాటర్స్ ముఖం. పాడటం అయిపోగానే ఆ ఇటుక కూడా పెట్టేస్తారు. ఇంటర్వెల్.

ఇంటర్వెల్ అయ్యాక ‘హే యు’ మొదలవుతుంది. స్టేజీ మీద ఎవరూ లేరు. గోడ వెనక వాయిస్తున్నారు. అంత డబ్బు పోసి టికెట్టు కొని వేల మంది ఒక తెల్ల గోడని చూస్తూ కూర్చున్నాం. నా పక్కన ఒక పెద్దాయన, అరవై దాటి ఉంటాడు, మెడ అటూ ఇటూ సాచి సందు కోసం వెతుకుతున్నాడు. నేనూ వెతికాను. లేదు. నేను అప్పటికి అమెరికా వచ్చి రెండేళ్ళు. ఇంటికి ఫోన్ చేస్తే ‘అంతా బాగే’ అని అటు వాళ్ళూ ఇటు నేనూ చెప్పుకుని పెట్టేసే రోజులు. ఆ పాట అప్పటికి నూరుసార్లు విన్నాను కానీ అక్కడ విన్నట్టు వినలేదు.

దాన్ని విడిగా తీసి షఫుల్‌లో పెడితే మంచి పాటే. కానీ ఆ ఇటుకలు పేర్చడం చూడకుండా వింటే అందులో సగమే దొరుకుతుంది. ఆ ‘సిమెంటు’ లేకపోతే అది గోడ వెనక పాట కాదు.

ముక్కుసూటి

ఇది నిజాయితీగా చెప్పావు. ఆల్బమ్ కన్నా నీ పోస్టు బాగుంది. అయినా నా మాట మారదు.

రిక్‌రైట్_భక్తుడు

నాకు అలాంటి క్షణం 2005 జులై 2. లైవ్ 8 కచేరీ, లండన్ హైడ్ పార్క్. నలుగురూ కలిసి 24 ఏళ్ళ తర్వాత. మా ఇంట్లో టీవీ ముందు నేనొక్కణ్ణే. అందరూ గిల్మోర్‌నీ వాటర్స్‌నీ చూస్తారు, మాట్లాడుకున్నారా లేదా అని. నేను కీబోర్డు వెనక ఆ తెల్లజుట్టాయన్ని చూస్తూ కూర్చున్నాను. మూడేళ్ళకి పోయారు ఆయన. 2008 సెప్టెంబర్.

ఆ రోజు ఏం వాయించారో గుర్తుందిగా బాబ్జీ గారూ? ‘బ్రీత్’, ‘మనీ’, ‘విష్ యు వర్ హియర్’, ఆఖర్న ‘కంఫర్టబ్లీ నంబ్’. వాల్ నుంచి తీసుకున్నది ఒక్కటే. దానికి సంగీతం గిల్మోర్‌ది.

బేస్‌గిటార్_బాబ్జీ

సాహిత్యం ఎవరిదో కూడా చెప్పండి మరి.

కొత్తచెవులు

నాలుగు రోజులైంది, వచ్చాను. మా బావ దగ్గర సీడీలున్నాయి, పాత ప్లేయర్ ఉంది. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక వాళ్ళ మేడ మీద గదిలో కూర్చుని వరసగా విన్నాను. యాడ్లు లేవు. బావ మొదటి పాటకే నిద్రపోయాడు.

ముందు బాబ్జీ అన్నకి ఒప్పుకోవాల్సింది. విమానం కూలుతుంది, వెంటనే బిడ్డ ఏడుస్తాడు. నాన్న పోయిన క్షణానికీ వాడు పుట్టడానికీ మధ్య గ్యాప్ లేదు. నెల రోజులుగా నాకు విమానం ఒక రోజు, బిడ్డ ఇంకో రోజు వినిపించారు. హెలికాప్టర్ తర్వాత మాస్టారి కేక, ఆ కేక మీంచి స్కూలు పాటలోకి దూకడం, అక్కడ కుర్చీలోంచి లేచాను. మొదటి సీడీ చివర ‘గుడ్‌బై’ అని టక్కున ఆగింది. నేను సీడీ మార్చడానికి లేచి నిలబడ్డాను, గది నిశ్శబ్దంగా ఉంది, కింద మా అక్క గిన్నెలు తోముతున్న చప్పుడు. మార్చబుద్ధి కాలేదు కాసేపు.

ఇప్పుడు ముక్కుసూటి అన్నకి. రెండో సీడీ చివర ఆ కోర్టు సీను ఉంది చూశారూ, ‘ద ట్రయల్’. వరసగా విన్నా తలకిందులుగా విన్నా భరించలేను. నాటకాల పోటీకి వెళ్ళినట్టుంది. అంతకు ముందు రెండు మూడు పాటలు కూడా సాగదీశాడు. నచ్చిన పాట ‘నోబడీ హోమ్’. షఫుల్‌లో దాన్ని ప్రతిసారీ దాటేసేవాణ్ణి, మెల్లగా ఉందని.

ఆఖర్న ఆ సగం వాక్యం వినపడగానే పాత_క్యాసెట్టు గారు గుర్తొచ్చి మళ్ళీ మొదటి సీడీ పెట్టాను. మిగతా సగం ఉంది. నిజంగా ఉంది! బావని లేపి వినిపించాను, ‘ఏదీ’ అన్నాడు, మళ్ళీ పడుకున్నాడు.

పాత_క్యాసెట్టు

మీ బావకి మా నాన్న పోలికలున్నాయి.

లయ_లెక్కలు

నోబడీ హోమ్‌తో ఎనిమిది. సరే, ఒప్పుకున్నాను.

ముక్కుసూటి

‘ద ట్రయల్’ గురించి అన్నావు చూడు, ఇన్నేళ్ళలో ఈ వేదికలో నాతో ఏకీభవించిన రెండో మనిషివి. మొదటివాడు అకౌంటు మూసేశాడు.

కొత్తచెవులు

సోమవారం ఆఫీసులో మా సీనియర్‌కి ఇదంతా చెప్పాను. విన్నాడు. ‘ఊఁ. మరి ద ఫైనల్ కట్ విన్నావా?’ అన్నాడు.

ముక్కుసూటి

వినకు. 1983. అట్ట మీదే ‘రోజర్ వాటర్స్ రాసినది, పింక్ ఫ్లాయిడ్ వాయించినది’ అని ఉంటుంది. ఇంటి ముందు బోర్డు మార్చేశాక లోపలికెళ్ళడం దేనికి.

బేస్‌గిటార్_బాబ్జీ

విను. రాత్రిపూట, ఒక్కడివే, వరసగా.

రిక్‌రైట్_భక్తుడు

అందులో రైట్ అసలు లేడు. దానికి బదులు యానిమల్స్‌లో ‘షీప్’ మొదటి నిమిషంన్నర పెట్టుకో. ఆ ఎలక్ట్రిక్ పియానో ఆయనదే, దాని మీదా పేరు వెయ్యలేదు.

వాల్తేరు_గాలి

ఇది నేను మొదటి రోజే చెప్పాను. చెప్పులు గట్టివి వేసుకుని విను.